కరివేపాకు మీది పురుగులు

తెలకపల్లి దగ్గరి ఒక పల్లె బడిలో సౌందర్య జీవశాస్త్రం టీచరు. రెండేళ్లుగా ఆదివారం వస్తే చాలు, కెమెరా తగిలించుకుని మన్ననూర్ అడవికి పోయి సీతాకోకచిలుకల ఫొటోలు తీస్తుంది. అంత చేసినా, మన్ననూర్‌లో పెట్టిన ఫొటో ప్రదర్శనకు ఆమె పంపిన నలభై ఫొటోల్లో ఒక్కటీ ఎంపిక కాలేదు. ఎంపికైంది ఎస్తేరమ్మది. బడిలో మధ్యాహ్నం వంట చేసే ఎస్తేరమ్మ, ఇంటి వెనక కరివేపాకు చెట్టు మీద ఒళ్లు వంచి గుడ్డు పెడుతున్న నల్ల సీతాకోకచిలుకను పగిలిన ఫోనుతో తీసింది. దాన్ని పంపించింది కూడా సౌందర్యే, దీన్నెవరు చూస్తారులే అనుకుని.

టీచర్లందరూ ఎస్తేరమ్మను మెచ్చుకుంటుంటే సౌందర్య కూడా నవ్వింది గాని, అన్నం సగంలోనే వదిలేసి లేచింది.

ఆ మధ్యాహ్నమే ఎస్తేరమ్మ ఫోను పట్టుకొచ్చింది.

"మేడమ్, జర గిది చూడున్రి. కరివేపాకు మీద పిట్టరెట్ట లెక్క ఏందో ఉన్నది. ముట్టుకుంటే కదులుతున్నది."

సౌందర్య చూడగానే గుర్తుపట్టింది. ఫొటోలోని సీతాకోకచిలుక జాతివే, ఆ గొంగళిపురుగులు. పిట్టల కంట పడకుండా రెట్టలా కనిపించి బతుకుతాయి. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"పురుగులు. చెట్టంతా తింటయి. ఏరి పారెయ్యి."

మర్నాడు పొద్దున్నే మనసాగక ఎస్తేరమ్మ ఇంటికి పోయింది.

"ఏడు దొరికినయి మేడమ్, ఏరి కోళ్లకేసిన. పైకొమ్మ మీది ఒక్కటి అందలే."

"అవి సీతాకోకచిలుక పిల్లలు ఎస్తేరమ్మా."

ఎస్తేరమ్మ కోళ్ల దిక్కు చూసింది. "ఎరికుండే జెప్పిండ్రా?"

"ఎరికుండే. నీ ఫొటో చూసి ఓర్వలేకపోయిన."

"మీరు సదువుకున్నోళ్లని నమ్మితిని. నా చేతులతోనే జంపిన," అంది ఎస్తేరమ్మ. "ఇగ గా ఒక్కదాని సంగతన్న మొత్తం జెప్పున్రి. ఏం దాచకున్రి."

సౌందర్య రోజూ వచ్చి చెప్పింది. పురుగు రెట్టరంగు వదిలి ఆకుపచ్చబడింది. తాకితే తలమీద ఎర్రటి కొమ్ములు చాచింది. చివరికి నడుముకు దారం చుట్టుకుని, కొమ్మకు ఆనుకుని, పైన పెంకు కట్టి ప్యూపా అయింది. ఎస్తేరమ్మ అన్నీ విన్నది గాని, ఒక్కనాడూ లోపలికి రమ్మనలేదు.

ప్యూపా అయిన పదకొండో పొద్దున అది పగిలి, సీతాకోకచిలుక బయటికొచ్చింది. తడి రెక్కలు ఆరేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. సౌందర్య వంద ఫొటోలు తీసింది, ఎస్తేరమ్మ ఒక్కటి. ఆ ఒక్కటే బాగుంది. సౌందర్యకు మళ్లీ అదే మంట.

"నీదే మంచిగొచ్చింది," అంది ఫోను తిరిగిస్తూ. "నా కడుపు మండుతున్నది."

ఎస్తేరమ్మకు నవ్వాగలేదు.

"మండనియ్యున్రి మేడమ్. లోపలికి రాన్రి, చాయ్ పెడ్త."