రాత్రి పాళీ లేని సముద్రం

అది కొట్టెయ్ బిడ్డా. అన్న ఉరికిపోయిండని రాసినవు గదా, గా ముక్క కొట్టెయ్. మోజెస్ ఉరికిపోలేదు, చెప్పి పోయిండు. మీ తాతను, నాకు చెప్పి పోయిండు. మీ నాయినకు చెప్పలేదు గని, చెప్తే వినే మనిషా ఆయన? నేను మెల్లగ చెప్త. నువ్వు పుస్తకంల లెక్క సాపు చేసి మొదటికెల్లి రాయి.

మోజెస్ ఒక్కసారి మాత్రం నిజంగానే పారిపోయాడు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు. ముంబై పక్కన మగ్గాల ఊళ్లో, కామత్‌ఘర్ సందులో చర్చి వెనక సిమెంటు తొట్టి ఉంది, బాప్తిస్మాలు అందులోనే ఇస్తారు. పాస్టరు అయ్యగారు ఒక పక్క, సంఘ పెద్దగా తండ్రి అబ్రహాము మరో పక్క నిలబడి పిల్లవాణ్ణి వెనక్కి వంచారు. ముక్కులోకి నీళ్లు పోగానే వాడు ఇద్దరినీ తోసేసి, తడి తెల్లబట్టలతో ఆటోల మధ్య నుంచి నార్పోలిలో ఇంటిదాకా పరుగెత్తాడు. సంఘమంతా చూసింది. తోసిన తోపుకి అబ్రహాము తొట్టి గోడకు కొట్టుకుని పడ్డాడు.

ఆనాటి నుంచి అబ్రహాము కొడుకును పేరు పెట్టి పిలవడం మానేశాడు. కార్ఖానాలో సాంచాల, అంటే కరెంటు మగ్గాల చప్పుడుకు కుడి చెవి పూర్తిగా పోయిన మనిషి. అయినా ఎవరైనా కొడుకు సంగతి ఎత్తితే ఎడమ చెవి అటు తిప్పి, అంతా విని, "నీళ్లకు భయపడే దొర" అనేవాడు. మోజెస్ పెద్దవాడై, అదే గల్లీలో సాంచాలు నడుపుతూ ఇంట్లో జీతం ఇస్తున్నా ఆ పేరు పోలేదు.

ఈ ఏడు మెర్సీ సంబంధం కుదిరింది. కుదిరింది అంటే మెర్సీకీ మోజెస్‌కూ ఎప్పుడో కుదిరింది, ఆమె తండ్రి కనుకయ్య ఇప్పుడు తలూపాడు. ఒక్క షరతు. బాప్తిస్మం లేనివాడికి పిల్లనివ్వడు. ఆ సంఘంలో బాప్తిస్మాలు ఏటా ఒక్కసారే, దీపావళికి కార్ఖానాలు బంద్ అయినప్పుడు వచ్చే ఆదివారం. అది తప్పితే మళ్లీ ఏడాది. కనుకయ్య ఏడాది ఆగే రకం కాదు, కరీంనగర్ నుంచి ఇంకో సంబంధం వచ్చి ఉంది.

మోజెస్ ఇంట్లో నీళ్ల డ్రమ్ములో తల ముంచి చూసుకున్నాడు. ముక్కు తడవగానే తల బయటికి లాగేశాడు. అప్పుడు వాడికి పోయిన ఏటి గోవా ప్రయాణం గుర్తొచ్చింది. పూర్ణలో ఉన్న గోదాం నుంచి ట్రక్కు మీద సామాను దింపడానికి వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున ఒక దుకాణం చూశాడు. వీపుకి గాలి సిలిండరు కట్టి, నీళ్ల కింద ఊపిరి పీల్చడం నేర్పిస్తారు. నేర్చుకున్నవాళ్లకి సర్టిఫికెట్ కూడా ఇస్తారు. దుకాణం నడిపే విఠల్ ఇచ్చిన నంబరు మోజెస్ దగ్గరే ఉంది. ఎస్టీడీకి పోయి ఫోన్ చేస్తే ఆయన నాలుగు రోజులు పడుతుందన్నాడు.

ఇక్కడే మోజెస్ తప్పు లెక్క వేశాడు. నార్పోలిలో పుట్టి పెరిగినవాడికి రోజంటే రెండు పాళీలు, పగటి పాళీ, రాత్రి పాళీ. నాలుగు రోజుల పనంటే నాలుగు పాళీలే కదా అనుకున్నాడు. పగలొకటి రాత్రొకటి ఎక్కితే రెండు రోజుల్లో తేలిపోతుంది. గురువారం, శుక్రవారం చేసి రాత్రి బస్సెక్కితే శనివారం ఇంట్లో ఉండొచ్చు. పక్కవాడు రాకపోతే రెండు పాళీలు ఏకబిగిన చెయ్యడం ఆ గల్లీలో వింత కాదు. అందుకని ఎవరినీ అడగలేదు.

అన్నం దగ్గర తండ్రికి చెప్పాడు. అబ్రహాము కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ప్రభువు తొట్టిల మునగనోడు సముద్రంల మునుగుతడట. విన్నవా మార్తా?"

మార్త కొడుకు వైపు చూసి పప్పు వడ్డించింది.

"ఆదివారానికి వస్త నాయినా."

"రాకున్నా నాకేం ఫరక్ పడదు. నేనైతే నీ పక్కకు తొట్టిల దిగ. ఒక్కసారి తోయించుకున్నది సాలు."

గురువారం పొద్దున మోజెస్ రాత్రి పాళీ సంగతి చెప్పగానే విఠల్ ముందు నవ్వాడు, తర్వాత మండిపడ్డాడు. ఇది సముద్రం, మీ కార్ఖానా కాదన్నాడు. మొదటి రెండు రోజులు పాఠమూ ఈతకొలనూ. తర్వాత రెండు రోజులు సముద్రం, రోజుకి రెండు మునకలు, అంతకు మించి ఒక్కటీ లేదు. లోతులో పీల్చిన గాలి ఒంట్లో చేరుతుంది, అది తాపీగా బయటికి పోవాలి, తొందరపడినవాళ్లు ఆసుపత్రిలో తేలతారు. చివరి మునక తర్వాత ఒక రోజు దాటేదాకా విమానం కూడా ఎక్కకూడదు.

"మా నార్పోలిల విమానం ఎవరెక్కుతరు సేఠ్" అన్నాడు మోజెస్, కానీ నవ్వలేకపోయాడు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఆదివారం సాయంత్రం అవుతుంది. ఆ పొద్దునే చర్చిలో తొట్టి నింపుతారు.

వెంటనే బస్సెక్కకుండా వాణ్ణి ఆపింది పౌరుషం ఒక్కటే. కొలనులో దిగాడు. నీళ్ల అడుగున మోకాళ్ల మీద కూర్చుని, కళ్లకూ ముక్కుకూ కట్టిన అద్దం తీసి మళ్లీ పెట్టుకోవాలి. నోట్లో గొట్టం ఉంటుంది కాబట్టి ఊపిరికి లోటు లేదు. అద్దం తీయగానే మోజెస్ బాణంలా పైకి లేచి దగ్గాడు. ముంబై నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. పైకి రావడం కప్పకు కూడా వచ్చు, నేను నేర్పేది కింద ఉండడం అన్నాడు విఠల్. ఆ రోజంతా అదే అయింది.

శుక్రవారం మళ్లీ దిగాడు. ఈసారి అద్దం తీశాక కళ్లు మూసుకుని చెవి పెట్టాడు. ఎక్కడా చప్పుడు లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి పక్కింటి గోడ అవతల సాంచాలు ఆడుతూ ఉండగానే నిద్రపోయినవాడికి అంత నిశ్శబ్దం కొత్త. వాడి ఊపిరి ఒక్కటే వస్తూ పోతూ ఉంది, మగ్గం మీద నాడె అటూ ఇటూ తిరిగినట్టే, కానీ దానికి ఏ తొందరా లేదు. ముక్కు చుట్టూ నీళ్లు ఉన్నాయి. ఉంటే ఉన్నాయనుకున్నాడు. అద్దం పెట్టుకుని, ముక్కుతో గాలి ఊది నీళ్లు బయటికి నెట్టి కళ్లు తెరిచాడు. విఠల్ చూపుడు వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టి, బాగుందన్నట్టు చూపించాడు.

రేపటి నుంచి సముద్రం అన్నాడు విఠల్ బయటికి వచ్చాక. మోజెస్ తల తుడుచుకుంటూ సముద్రం వైపు చూశాడు. మిగిలిన రెండు రోజులూ తర్వాత చెయ్యొచ్చా అని అడిగాడు. కొలను పాఠం ఎక్కడికీ పోదు, వచ్చే మంగళ, బుధవారాలు పడవ ఖాళీ అన్నాడు ఆయన. మోజెస్ ఆ రాత్రి బస్సెక్కాడు.

శనివారం గడపలోనే అబ్రహాము ఎదురయ్యాడు.

"కాయిదమేది?"

"ఇయ్యలేదు."

"అంటే ఆడికెల్లి గూడ ఉరికొచ్చినవన్నట్టు."

జరిగింది చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ గొంతు విన్నాక మోజెస్‌కు చెప్పబుద్ధి కాలేదు. తండ్రిని దాటుకుని లోపలికి పోయాడు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని తాతకు మాత్రం అంతా చెప్పాడు.

ఆదివారం అబ్రహాము అన్నంత పనీ చేశాడు. తొట్టిలో దిగలేదు. ఆయన బదులు అంకుశం అనే ఇంకో పెద్ద దిగాడు. అబ్రహాము ఇస్త్రీ ప్యాంటు, కొత్త చెప్పులతో గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారు మోజెస్‌ను వెనక్కి వంచి ముంచి, చెయ్యి తీశారు. మోజెస్ లేవలేదు. పాట ఎత్తుకోబోయిన ఆడవాళ్లు ఆగిపోయారు. మెర్సీ కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు వంగేలోపే అబ్రహాము చెప్పులతో సహా నడుం లోతు నీళ్లలోకి దిగాడు. అప్పుడు మోజెస్ మెల్లగా పైకి వచ్చాడు. ఎదురుగా తండ్రి.

"నాటకమారా?"

"కాదు. నేను ఉరకనని నువ్వు సూడాలె గద. గందుకే జరసేపు ఉన్న."

"అందరు సచ్చినవనుకున్నరు."

"నువ్వేమనుకున్నవ్ నాయినా?"

అబ్రహాము గట్టెక్కి ప్యాంటు పిండుకుంటూ, కొత్త చెప్పులు పాడైనయని మార్తకు చెప్పాడు. కనుకయ్య మాత్రం అక్కడే మార్గశిరంలో పెళ్లి అన్నాడు.

ఆ సాయంత్రమే మోజెస్ మళ్లీ గోవాకు సంచి సర్దాడు. సోమవారం కార్ఖానా తెరుస్తారు, పోతే సాంచాలు బదులు పనిచేసే బద్లీవాడికి పోతాయని తాత హెచ్చరించాడు. పోతే పోనీ తాతా, సగంల ఇడిసిపెట్టినోడని ఇంకోసారి అనిపించుకోను అన్నాడు వాడు. సోమవారం కార్ఖానా మేస్త్రీ, ముకాదం దత్తాత్రి, తాత చెప్పినట్టే మోజెస్ సాంచాల మీద వేరేవాణ్ణి నిలబెట్టాడు. ఆ మాట విన్న అబ్రహాము గల్లీ అంతా వినేలా, మళ్లీ ఉరికిండు, ఈసారి గడప తొక్కనియ్య అని అరిచాడు.

ఇగ ఆపు బిడ్డా. నేను మాట సగం చెప్పేలోపలనే మీ నాయిన చెంబు పట్టుకొని లేసిపోతడు, గందుకే నీతోని రాయించిన. ఇయ్యాల పాళీ దిగి వచ్చి అన్నానికి కూసున్నప్పుడు ఎడమ చెవి దిక్కు కూసొని గట్టిగ చదువు. సముద్రం కండ్ల ముంగట పెట్టుకొని శుక్రవారం బస్సెక్కింది ఎవరికి మునిగి సూపియ్యనీకో, గా ముక్క రెండుసార్లు చదువు. చెప్పుల ముచ్చట గూడ ఇడిసిపెట్టకు. పోరడు రేపు పొద్దుగాల బస్సు దిగుతడు. గంతకంటే ముందే మీ నాయినకు చదివి వినిపియ్యి.