సిద్ధంగా రాలేదు

బొగ్నా రాసుకొచ్చిన వృత్తి లక్ష్యాలను లెయోకాదియా గారు కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చదివారు. చదువుతున్నంతసేపూ ఆవిడ మూతి ఒక పక్కకి వంకరపోతూనే ఉంది. డిజిటల్ సాధనాల సమగ్ర వినియోగమట, విద్యార్థి కేంద్రిత పద్ధతుల పెంపుదలట. అద్దెకు తెచ్చిన కోటులా ఆ మాటలు ఎవరి ఒంటికైనా పడతాయి, ఎవరికీ సరిగ్గా కుదరవు.

"ఎక్కడి నుంచి దించావు తల్లీ ఇవన్నీ?"

"ఇంటర్నెట్లోంచండి," అని ఒప్పేసుకుంది బొగ్నా.

పోలండ్‌లో లుబ్లిన్ నగరం దగ్గరి ఈ చిన్న ఊరి బడిలో ఆమె జీవశాస్త్రం టీచరుగా చేరి ఏడాది కావస్తోంది. కొత్త టీచరుకు దారి చూపడానికి ఓ పాత టీచరు ఉండాలని రూలు. అలా లెక్కల టీచరు లెయోకాదియా గారు ఆమె వంతుకొచ్చారు. గురువారం హెడ్మాస్టరు గోర్నిక్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. బొగ్నాని వచ్చే ఏడాది ఉంచుకోవడమో పంపేయడమో ఆ పాఠం చూశాకే తేలుస్తారు.

"ఇవన్నీ పక్కన పడెయ్. క్లాసులో నీకు దేనికి భయమో చెప్పు."

"నాకు తెలియనిది పిల్లలు అడుగుతారేమోనని."

"అడిగితే ఏం చేస్తావ్?"

"ఏదో ఒకటి చెప్పేస్తానండి."

"మరింకేం, దొరికిందిగా లక్ష్యం. తెలియనప్పుడు తెలియదని చెప్పడం. అదొక్కటీ రాసివ్వు, చాలు."

బొగ్నా బుద్ధిగా రాసిచ్చింది. రాసిందే గానీ, హెడ్మాస్టరు ఎదుట తెలియదని చెప్పుకుని ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకునేంత వెర్రిబాగులది కాదు. గురువారం చెప్పబోయేది వేర్ల పాఠం; ఎవరేమడిగినా తడుముకోకూడదని దాన్ని మొత్తం బట్టీ కొట్టింది.

గురువారం క్లాసులోకి రాగానే ఎప్పట్లాగే అడిగింది. "సిద్ధంగా రానివాళ్లెవరు?"

అక్కడి బళ్లలో అదో మర్యాద. చదువుకుని రాని పిల్లలు పాఠం మొదలవకముందే ఆ మాట చెప్పేస్తే ఆ రోజుకి వాళ్ల జోలికి పోరు. ఆ తర్వాత చెబితే మాత్రం చెల్లదు.

"సిద్ధంగా రాలేదు మేడమ్," అన్నాడు ఓలివియెర్ లేచి. వాడికది కొత్తేం కాదు.

పాఠం చక్కగా సాగింది. బల్ల మీద ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ పరిచి బొగ్నా గడగడా చెప్పుకుపోతోంది. గోర్నిక్ గారు వెనక ఏదో రాసుకుంటున్నారు. ఇక గట్టెక్కినట్టే అనుకుంటుండగా కలీనా చెయ్యెత్తింది.

"మేడమ్, బీట్‌రూట్ ఉడికిస్తే నీళ్లన్నీ ఎర్రగా అయిపోతాయి కదా. ఆదివారం కోడి చారులో అన్నేసి క్యారెట్లు వేస్తారు, దానికి క్యారెట్ రంగు రాదెందుకు?"

బొగ్నా బట్టీ కొట్టినదాంట్లో ఇది లేదు. నోరు మాత్రం ఊరుకోకుండా తనంతట తానే కదిలింది.

"అంటే, బీట్‌రూట్‌లో నీళ్లెక్కువ కదా, అందుకని..."

"దోసకాయలో ఇంకా ఎక్కువ మేడమ్," అన్నాడు ఓలివియెర్. "దాని రంగు దిగదే."

వెనక పెన్ను ఆగిపోయింది. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కలీనా మాత్రం ఆమె ఏం చెబితే అది రాసుకోవడానికి తల వంచుకుని కూర్చుంది. ఆ వంచిన తలను చూస్తే బొగ్నాకి సిగ్గేసింది.

"రాయకు కలీనా. నేను చెప్పింది తప్పు," అంది. ఆ తర్వాత ఏమనాలో తోచక పిల్లల మాటే వాడేసింది. "నేను... సిద్ధంగా రాలేదు."

"అది మొదట్లోనే చెప్పాలి మేడమ్," అన్నాడు ఓలివియెర్ చాలా బాధగా. "ఇప్పుడు చెల్లదు."

"నిజమే. అయితే నాకు ఒకటి పడాల్సిందే."

ఆ బడిలో మార్కు ఒకటంటే తప్పినట్టే. ఆ ఒకటి వేసేదెవరా అని తలలన్నీ గోర్నిక్ గారి వైపు తిరిగాయి. ఆయన గొంతు సవరించుకుని, "పాఠం కానివ్వండి," అన్నారు, అంతే.

గంట కొట్టాక ఆయన గదిలో బొగ్నా కుర్చీ అంచున కూర్చుంది.

"నీళ్ల కథ ఎత్తుకున్నారు. విన్నాను."

"అవునండీ."

"దాన్నే సాగదీసి ఉంటే మనం ఇప్పుడు వేరే సంగతి మాట్లాడుకునేవాళ్లం." ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు. "మీరు ఒక్క లక్ష్యమే రాశారని చూసి బద్ధకం అనుకున్నాను. మిగతావాళ్లు బోలెడు రాస్తారు, క్లాసులోకి వెళ్తే ఒక్కటీ కనబడదు. ఇవాళ ఒకటి కళ్లారా చూశాను. వచ్చే ఏడాది బడి తెరిచాక, సెప్టెంబరు నుంచి ఆరో తరగతి కూడా మీకే ఇస్తున్నాను."

బొగ్నా థ్యాంక్స్ చెప్పిందో లేదో ఆమెకే గుర్తులేదు. కిందికి దిగి, పిల్లలు బూట్లు మార్చుకునే గదిలో బెంచీ మీద కూలబడింది. ఏడాదిగా గుండెల మీద ఉన్న బండ దిగిపోయినట్టయి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

కోటు కోసం వచ్చిన కలీనా ఆమెను చూసి ఆగిపోయింది.

"ఒకటి వేశారా మేడమ్?"

"లేదమ్మా, వెయ్యలేదు."

"వేసినా ఏం కాదు లెండి. మళ్లీ రాసి దిద్దుకోవచ్చు." పక్కనే కూర్చుని బూటు లేసు కట్టుకుంది. "ఇంతకీ క్యారెట్ రంగు చారులోకి ఎందుకు దిగదు?"

"నాకు ఇంకా తెలీదు కలీనా," అంది బొగ్నా. ఈసారి ఆ మాట గొంతులో ఎక్కడా అడ్డు తగల్లేదు.