మరేటంటేలు మింగిన మైకు

నేను ఒక మైకుని. చీపురుపల్లిలో పైడయ్య నడిపే మైకుసెట్టు దుకాణంలో ఇరవై రెండేళ్లు కొలువు చేశాను. పుట్టింది ఏదో కార్ఖానాలో. వచ్చిన కొత్తలో ఒళ్లంతా నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు రంగు పోయింది, తలమీది జాలీకి సొట్ట పడింది. ఆ సొట్ట ఒక నాయకుడి ఆవేశానికి గుర్తు.

నా ముందు నిలబడి ఏం మాట్లాడారో చాలామందికి ఇంటికి వెళ్లేసరికే గుర్తుండదు. నాకు మాత్రం మాటల మధ్య దొర్లినవి కూడా గుర్తే. ఆ నాయకుడికి "ఏదైతే ఉందో" లేకుండా వాక్యం కదిలేది కాదు. ఒకసారి రోడ్డు వేయిస్తానని గంటసేపు మాట్లాడాడు. జనం వేళ్లు మడిచి "ఏదైతే ఉందో"లు లెక్కపెట్టుకున్నారు. డెబ్బై మూడా, డెబ్బై నాలుగా అని ఇద్దరు తగువు పడ్డారు కూడా. రోడ్డు సంగతి మాత్రం ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

పైడయ్యకు ఇలాంటివాళ్లను చూస్తే జాలి. అందుకని ఒక కిటుకు కనిపెట్టాడు. ఊతపదం రాబోతుందనగా ఆంప్లిఫయర్ మీద శబ్దం పెంచే మర తగ్గించేసి, అసలు మాట రాగానే పెంచేవాడు. ఎవరి ఊతపదం ఏదో అతనికి కంఠతా వచ్చు. "పైడయ్య మైకైతేనే మాట్లాడతాను" అని పట్టుబట్టేవాళ్లు తయారయ్యారు. తమకు మాటకారితనం అబ్బిందని వాళ్లు మురిసిపోతే, అది తన వేళ్లలో ఉందని పైడయ్య మురిసిపోయేవాడు. కోసేసిన మాటలన్నీ మింగుతూ నేను నోరు మూసుకున్నాను.

అలా ఉండగా పైడయ్య చిన్నాన్న కూతురు ఎర్నమ్మ ఊళ్లో బడి మీదికి ముప్పు వచ్చింది. పిల్లలు తక్కువగా ఉన్నారని బడిని రైలుపట్టాలకు అవతలున్న పెద్ద బడిలో కలిపేస్తారట. అభ్యంతరాలు వినడానికి ఒక అధికారి వచ్చారు. తల్లుల తరఫున ఎర్నమ్మ మాట్లాడాలి. ఆమె కూతురు పారమ్మ అక్కడే రెండో తరగతి చదువుతోంది.

ఎర్నమ్మ నన్ను పట్టుకుంది. "బాబూ, మరేటంటే... మా బడి... మరేటంటే..." అని మొదలుపెట్టింది. చెల్లెల్ని చూసి నలుగురూ నవ్వకూడదని పైడయ్య మర తిప్పాడు. అయితే ఆమె "మరేటంటే" ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో అంతుపట్టలేదు. తగ్గించిన మర పెంచేలోగా అసలు మాటలు కూడా పోయాయి. జనానికి "బడి... దూరం... పిల్లలు..." అని ముక్కలే వినిపించాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి గడియారం చూసుకుని, "మైకు బాగున్నట్టు లేదు. రాసి ఇవ్వండమ్మా, చూస్తాం," అని ఫైలు మూయబోయారు. తప్పు నామీదికి వచ్చింది. అంతకంటే, ఆ ఫైలు మూస్తే బడి పోయినట్టేనని నా భయం.

తన గొంతు ఎందుకు తెగుతోందో ఎర్నమ్మకు అర్థమైంది. పైడయ్య వైపు తిరిగి, "ఆ మర ఒగ్గీ అన్నియ్యా. నా మాటలేవో నాను సెప్పుకుంటాను," అంది.

ఆ మాట రెండు హారన్ స్పీకర్లలోనూ ఖంగున మోగింది. పైడయ్య చెయ్యి తీసేశాడు.

"మరేటంటే బాబూ, పట్టాల మీద గూడ్సుబండి గంటలకొద్దీ ఆగిపోతాది. పిల్లలు దాని కిందనుంచి దూరి ఎల్తారు. మొన్న బుధారం మా పారమ్మ పెద్ద బడి సూసొత్తానని ఎల్లింది. అది కింద ఉండగా బండి..."

అక్కడ ఎర్నమ్మ మాట ఆగిపోయింది. ఊతపదం కూడా రాలేదు. ఆమె ఊపిరి మాత్రం నాలోంచి హారన్లలోకి వెళ్లి ఊరంతా వినిపించింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ వేళ్లు మడవలేదు. తలవంచుకుని సెల్‌ఫోను చూసుకునే గుమాస్తా కూడా తలెత్తాడు. అధికారి ఫైలు మీంచి చెయ్యి తీసి, మెల్లగా, "పిల్ల ఎలా ఉందమ్మా?" అన్నారు.

"బాగుంది బాబూ. కదిలేలోగా అవతలికి పడిపోనాది. మోకాలు దోక్కుపోనాది, అంతే."

జనమంతా ఒక్కసారే ఊపిరి వదిలారు. ఇన్నేళ్లలో అంత హాయైన చప్పుడు నేను వినలేదు. అధికారి ఫైలు తెరిచి చాలాసేపు రాశారు. పదిహేను రోజులకు బడి ఉన్నచోటే ఉంటుందని కాగితం వచ్చింది. ఆనాడు ఎర్నమ్మ "మరేటంటే" పద్నాలుగుసార్లు అంది. లెక్కపెట్టింది నేనొక్కదాన్నే.

ఇప్పుడు దుకాణంలో తీగలేని కొత్త మైకులు వచ్చాయి. నేను బీరువా పై అరలో ఉంటున్నాను. ఏడాదికి ఒక్కరోజు, పంద్రాగస్టుకి, పైడయ్య నన్ను తుడిచి ఆ బడికి తీసుకెళతాడు. మొన్న పారమ్మ మాట్లాడింది. రెండు వాక్యాలు చెప్పి మూడోది మరిచిపోయింది. "మరేటంటే..." అని నా జాలీకేసి చూస్తూ నిలబడింది. నేను ఓరగా చూశాను. పైడయ్య రెండు చేతులూ చంకల్లో గట్టిగా బిగించుకుని కూర్చున్నాడు. మూడో వాక్యం వచ్చేదాకా తీయలేదు.