గౌను అంచులో నట్లు

గోడ అవతల మేక అరిచినప్పుడల్లా పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయేది. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు ఇంటిని కూడా మధ్యకు చీల్చి ఇటుక గోడ లేపారు. ఆ గోడ చూపును ఆపింది గాని చప్పుడును ఆపలేకపోయింది. తోడికోడలు పాలు పితుకుతుంటే చెంబు మోత సైతం వినిపించేది. మొదట ఖాళీ చెంబు మోత, తర్వాత నురగలో మెత్తబడ్డ మోత. ఆ మెత్తబడ్డ మోత చెవిన పడితే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

ఎందుకంటే ఆ మేక తనకు రావలసింది. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసే వీలు లేకుండా చేసుకున్నదీ తనే.

ఆ ఊరి చర్చి పక్కన, రేకుల షెడ్డులో పిల్లల కేంద్రం ఒకటి నడిచేది. ఇళ్ళలో గింజలు అడుగంటే రోజుల్లో పట్నం నుంచి నర్సమ్మ వ్యాను దిగేది. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసేవారు. పొడుగు ప్రార్థనకు చంటిపిల్లలు ఊరుకోరని ఆయన ఏనాడో తెలుసుకున్నారు. తర్వాత ఒక్కొక్క పిల్లనూ గుడ్డ లాగులో కూర్చోబెట్టి, దూలానికి వేలాడే గడియారంలాంటి త్రాసుకు తగిలించేవారు. ముల్లు తిరుగుతుంటే తల్లుల కళ్ళన్నీ దానితోపాటు తిరిగేవి.

కిందటిసారి, బాగా చిక్కిన పిల్లలున్న ఇళ్ళకు పాడి మేకలు ఇవ్వాలని చర్చివాళ్ళు తలపెట్టారు. ముందే చెబితే ఎవరైనా పిల్లల కడుపు మాడ్చి తెస్తారేమోనని పాస్టరుగారు ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. పిల్లను తేలిక చేసి తెచ్చేవాళ్ళ గురించి ఆలోచించారు గాని, బరువు చేసి తెచ్చే తల్లి కూడా ఉంటుందని ఆ మంచాయనకు తట్టలేదు.

పెద్దకోడలి కూతురు పిచ్చుక, చిన్నకోడలి కొడుకు బుంగ ఒకే వానాకాలంలో పుట్టారు. అందుకని ఊరు ఎప్పుడూ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసేది. "పెద్దదాని పిల్ల ఇంకా చీపురు పుల్లలాగే ఉందేం? గాలొస్తే పట్టుకోవాల్సిందే!" అని చేతిపంపు దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమె మనసులో ముల్లులా దిగబడింది. తూకం రోజు పొద్దున మొగుడు ఇంజన్లు బాగుచేసే రేకు డబ్బా తెరిచి, గుప్పెడు ఇనప నట్లు తీసి, కూతురి గౌను అంచు మడిచి లోపల పెట్టి కుట్టేసింది.

నర్సమ్మ చెప్పులు, స్వెట్టరు తీయించింది. చలిగాలి కొడుతోందని గౌను ఉంచేయమంది.

"అమ్మా, గౌను కిందికి లాగుతోందే," అంది పిచ్చుక.

"కొత్త బట్టలు అలాగే ఉంటాయి, నోర్ముయ్."

ముల్లు బుంగకు ఆగిన చోటును దాటుకుని దర్జాగా వెళ్ళి ఆగింది. పెద్దకోడలు చుట్టూ చూసి, పంపు దగ్గరి నవ్వును వడ్డీతో సహా తిరిగిచ్చింది. ఆ సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. పాస్టరుగారు బుంగను ఎత్తుకుని, మెడలో నీలం గుడ్డ కట్టిన మేకను చిన్నకోడలి చేతికి అప్పగించారు.

అప్పటినుంచి మొదలైంది ఆ మంట. ఆ మేక తినే ఆకు కూడా తన పొలంలోదే అనిపించేది. బుంగ బుగ్గ కాస్త నిగనిగలాడితే అది తన కూతురి బుగ్గ మీంచి దొంగిలించినట్టుండేది. అన్నిటికన్నా పెద్ద బాధ ఇంకొకటి. తను తెల్లవారకముందే పొలానికి పోతే, పిచ్చుకను అత్త చూసుకునేది. అత్త కన్ను మరలగానే ఆ పిల్ల గోడ చుట్టూ తిరిగి పిన్ని దగ్గర చేరేదట. సాయంత్రం దగ్గరికి తీసుకుంటే ఒంటి నిండా మేక వాసన.

"మళ్ళీ అక్కడికే పోయావా? ఆ మేక నీకు మేనత్తా?" అని వీపు మీద ఒక్కటిచ్చేది.

"దాని చెవులు మెత్తగా ఉంటాయమ్మా," అని ఏడ్చేది పిచ్చుక.

"పోనీవే, పసిది. అటు పోతే నీ సొమ్మేం పోయింది?" అనేది అత్త.

"నా సొమ్మే పోయిందత్తా," అని నాలుక చివరిదాకా వచ్చిన మాటను పెద్దకోడలు మింగేసేది.

మళ్ళీ తూకం రోజు వచ్చింది. ఈసారి ఒక మేక మిగిలి ఉందని ఊరంతా తెలిసిపోయింది. పెద్దకోడలు ఆ గౌనే తొడిగి పిల్లను తీసుకొచ్చింది. నట్లు ఇంకా అంచులోనే ఉన్నాయి. అవి ఉంటే పరువు నిలుస్తుంది, మేక రాదు. తీసేస్తే ముల్లు దిగిపోతుంది, ఊరు నవ్వుతుంది, మేక వస్తుంది. ఎటూ తేల్చుకోలేక వరుసలో నిలబడింది. ముందు నిలబడ్డ చిన్నకోడలు గ్లాసుతో బుంగకు పాలు తాగించి, కొంగుతో వాడి మూతి తుడిచింది. అంతే, తేలిపోయింది. పిల్లను షెడ్డు వెనక్కి లాక్కుపోయి, కుట్టు పంటితో కొరికి, నట్లన్నీ చేతిసంచిలో దులిపింది. తిరిగొచ్చేసరికి వరుసలో ఆమె చోటు పోయింది గాని, చిన్నకోడలే పక్కకు జరిగి, "రా అక్కా, నా ముందు నిలబడు," అంది.

'మేక పుచ్చుకుని చోటిస్తోంది మహాతల్లి,' అనుకుంటూ పెద్దకోడలు ముందుకొచ్చింది.

పిచ్చుకను త్రాసుకు తగిలించారు. ముల్లు తిరిగి తిరిగి, సరిగ్గా కిందటిసారి ఆగిన చోటే ఆగింది.

"అసలు పెరగలేదేం తల్లీ?" అని నర్సమ్మ పిల్ల కనురెప్ప దించి చూసింది, చేతి కండ పట్టి చూసింది. "అయినా ఫర్వాలేదు. కళగానే ఉంది. మేక అవసరమున్న పిల్లయితే కాదు."

బిడ్డ బాగుందని చెబితే గుండె జారిపోయిన తల్లి ఆ షెడ్డులో ఆమె ఒక్కతే. ఆ తర్వాతే, మెల్లగా, ఇంకొకటి తట్టింది. అప్పుడు ఆ ముల్లును అక్కడిదాకా లాగింది ఇనుము. ఇప్పుడు లాగింది పిల్ల ఒళ్ళు. అంత కండ ఎక్కడిది? తను పెట్టిందైతే కాదు.

ఇంతలో బుంగను తగిలించారు. ముల్లు ఏదో మర్యాద కోసం కాస్త జరిగింది. నర్సమ్మ ముఖం గట్టిపడింది.

"ఇంట్లో పాడి మేక ఉండి ఇంతేనా? పాలు అమ్ముకుంటున్నావా?"

చిన్నకోడలు తల వంచుకుంది. "లేదమ్మా."

"మరి ఎటు పోతున్నాయి? పాలు పిల్లల నోట్లో పడాలనే కదా మేకనిచ్చింది. అమ్మేవాళ్ళ దగ్గర మేక ఉంచం. పక్కనే మీ అక్క ఉంది, ఆవిడకిస్తే ఆ పిల్లయినా తాగుతుంది."

ఇన్నాళ్ళూ కోరుకున్న మాట. నోరు విప్పనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. సాయంత్రానికి ఆ చెంబు మోత గోడకు ఇవతల వినిపిస్తుంది. పెద్దకోడలు ఊరికే నిలబడింది.

"పిన్ని నాకు పోస్తుంది," అంది పిచ్చుక, లాగులో వేలాడుతున్న బుంగ కాలు ఊపుతూ. "రోజూ. నానమ్మ చెప్పొద్దంది."

నర్సమ్మ నవ్వలేదు. "తాగితే పెరగాలి కదమ్మా నువ్వు. ముల్లు అలా చెప్పడం లేదే."

చిన్నకోడలు తలెత్తి తోడికోడలి వైపు చూసింది. ఆ చూపు కన్నా పంపు దగ్గరి నవ్వే నయమనిపించింది పెద్దకోడలికి.

ఆమె ముందుకెళ్ళి బుంగను దించింది. చేతిసంచి బోర్లించి, నట్లన్నీ గుడ్డ లాగులో పోసింది. ముల్లు కదిలింది.

"కిందటిసారి నా కూతురితోపాటు ఇవి కూడా తూగాయమ్మా," అంది. "గౌను అంచులో కుట్టాను. పిల్ల పెరిగింది. ఇంత పెరిగింది. పాలు నా తోడికోడలివే. దాని మేకను దాని దగ్గరే ఉండనివ్వండి."

వరుస చివరినుంచి ఎవరో, "ఊరందరి పిల్లలకూ టానిక్కు, ఈవిడ పిల్లకు నట్లూ!" అన్నారు. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అందరూ నవ్వారు. పాస్టరుగారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు గాని ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. "దొంగ తూకమంటే తక్కువ తూచడమనే ఇన్నేళ్ళూ ప్రసంగం చేశాను," అన్నారు కళ్ళు తుడుచుకుని. ఆ నట్లను తనే ఏరి సంచిలో వేసి, పెద్దకోడలి చేతికిచ్చారు.

మిగిలిన మేక కవలపిల్లల తల్లికి వెళ్ళింది. అది చూసినప్పుడు కూడా పెద్దకోడలికి కడుపులో చిన్న మంట రేగకపోలేదు.

తోడికోడళ్ళిద్దరూ పిల్లలను చంకనేసుకుని ఇంటిదారి పట్టారు.

"నువ్వు కుడుతుంటే చూశానక్కా," అంది చివరికి చిన్నకోడలు. "వీధిలో పోతూ, మీ కిటికీలోంచి."

పెద్దకోడలు ఆగిపోయింది. "చూసి? మేకనిచ్చినప్పుడు చెప్పొచ్చుగా?"

"చెబితే మేక నీకొచ్చేస్తుందిగా." చిన్నకోడలు గొంతు తగ్గించింది. "నా బిడ్డా చిక్కిపోయే ఉన్నాడు. చెప్పలేకపోయాను. అలాగని పిచ్చుక ఎదురుగా నిలబడితే వాడికొక్కడికే పోసి ఊరుకోలేకపోయాను. చాటుగా అత్తకు చెప్పి పిలిపించుకున్నాను."

"నిన్ను తిట్టాలో ఏం చెయ్యాలో తెలీడం లేదే."

"తిట్టు అక్కా. పొద్దున పాలకు మాత్రం నువ్వే తీసుకురా. పిల్లను మోసుకొచ్చి మోసుకొచ్చి ఆ ముసలామె నడుము పోతోంది."

మర్నాడు పొలానికి ఆలస్యంగా బయలుదేరింది పెద్దకోడలు. గ్లాసు పట్టుకుని గోడ అవతలికి వెళ్ళింది. చెంబు మోత దగ్గరినుంచి వింటే అంత పెద్దదేమీ కాదు. పిచ్చుక తిన్నగా పోయి పిన్ని ఒళ్ళో పడింది, తల్లి వైపు చూడనైనా చూడలేదు. పెద్దకోడలికి చివుక్కుమంది. ఊరుకోలేక బుంగను లాక్కుని చంకనేసుకుంది. వాడు ఎంత బరువున్నాడోనని ఒకసారి ఎగరేసి చూసింది. పిచ్చుకే కాస్త బరువని లోపల్లోపల తేల్చుకుంది. వెంటనే సిగ్గేసి, తన చేతిలోని గ్లాసు ముందు వాడి నోటికే అందించింది.