బావికి పెట్టిన పైపు

నా బిడ్డ ఇషిత కాలేజీ పని కోసం రాసుకున్న పాత కట్టడాల జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఆరో పేరు దగ్గర నా వేలు ఆగింది: బాటసారుల మెట్లబావి, అత్వెల్లి శివారు. ఆ బావి ఎక్కడుందో నాకు తెలుసు. పద్నాలుగేళ్ల క్రితం మొరం పోయించి దాన్ని పూడ్పించింది నేనే. ఇప్పుడు దాని మీద నా సిమెంటు గోడౌన్ ఉంది. సోమవారం ఆ గోడౌన్ కొనడానికి గుండ్లపోచంపల్లి పార్టీ వస్తోంది. కింద పాత బావి ఉందని కాలేజీవాళ్ల పుస్తకంలో అచ్చయితే, కొనేవాడు ఎవడైనా ఒక అడుగు వెనక్కి వేస్తాడు. నేనైనా వేస్తాను.

అందుకే ఆదివారం దుకాణం తమ్ముడికి అప్పగించి నేనే కారు తీశాను. ఆర్కిటెక్చర్ చదివే బిడ్డకు తోడు వెళ్తున్నానని ఇంట్లో సంతోషించారు. నా లెక్క వేరు. స్టీరింగ్ నా చేతిలో ఉంటే దారి కూడా నా చేతిలోనే ఉంటుంది. ఆరోదాన్ని చివరికి తోసి, మిగతా పది చూపించేసరికి పొద్దుగూకుతుంది. అది వచ్చే ఆదివారానికి పోతుంది. అప్పటికి సంతకాలు అయిపోతాయి.

మేడ్చల్ దాటాక పెద్ద రోడ్డు వదిలి శామీర్‌పేట వైపు లోపలి దారులు పట్టాను. మొదట కూలిపోయిన సరాయి కమాను వచ్చింది. దాని కింద ఎవరో గడ్డిమోపులు పేర్చుకున్నారు. ఇషిత టేపు పట్టి కొలిచింది. తర్వాత నడుం చుట్టూ ఎన్నికల పోస్టర్లు అంటించిన బురుజు. ఆ తర్వాత వెంచర్ ప్రహరీలో సగం కూరుకుపోయిన మైలురాయి, ఉర్దూ అంకెలతో. బురుజును చూస్తే ఎన్ని ట్రాక్టర్ల రాయో చెప్పగల కన్ను నాది. ఆ రోజు ఆ కన్ను పనిచేయలేదు. కారులో కూర్చోబుద్ధి కాలేదు, దిగితే నిలబడబుద్ధి కాలేదు.

"నాయినా, ఆరోది ఇడిసిపెట్టి ఏడోదానికి పోతున్నం," అంది ఇషిత.

"గటు రోడ్డు మంచిగ లేదట."

"మన గోడౌన్ రోడ్డే గద. రోజు లారీలు పోతలేవా?"

గేరు మార్చాను. మార్చాల్సిన పనేమీ లేదు.

మధ్యాహ్నం శామీర్‌పేటలో చాయ్ తాగడానికి ఆగాం. హోటల్ బల్ల మీద డెబ్బై దాటిన ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు గౌరయ్య, సొంతూరు అత్వెల్లి, ఇప్పుడు బిడ్డ దగ్గర ఉంటున్నాడట. ఇషిత అడిగి ఇవన్నీ తెలుసుకునేలోపే నేను బల్ల చివరకు జరిగాను.

"మెట్లబావా? చిన్నగున్నప్పుడు గా బావిలనే దుంకెటోళ్లం బిడ్డా," అన్నాడు గౌరయ్య. "మూడు దిక్కుల మెట్లు. నడుమ కూసునే అర్ర. ఎండకాలం గూడ మస్తు సల్లగుంటుండె."

"ఇప్పుడు ఏం లేదా తాతా?"

"ఎవడో సిమెంటు సేటు పూడ్పిచ్చిండు. మొఖం యాదికి లేదు. గని వాని తల్లి మంచిది. బావి ఊపిరి బందు జేస్తే ఇంటికి మంచిది కాదని టిప్పర్లకు అడ్డం నిలవడ్డది. అడుగు దాక ఇనుప పైపు దించినంకనే మొరం పొయ్యనిచ్చింది." చాయ్ ఒక గుటక వేసి నవ్వాడు. "సేటు దానికి గూడ మూత బిగిచ్చిండో ఏమో. వాళ్ల సంగతి తెల్వదా."

ఇషిత చేతిలో గ్లాసు ఆగిపోయింది.

గోడౌన్ వెనక గోడ పక్కన నడుం ఎత్తు పైపు ఒకటి ఉంది. ప్రతి దసరాకు తూకం మిషన్లకు బొట్లు పెట్టే ముందు మా అమ్మ రుక్కమ్మ దానికి పసుపు రాస్తుంది. బోరు పైపుకు అవ్వ ఎందుకు మొక్కుతదని ఇషిత చిన్నప్పుడు అడిగింది. అవ్వకు అన్నింటికీ మొక్కుడు అలవాటని చెప్పాను. మూత బిగించింది కూడా నేనే.

ఇషిత నా వైపు చూడలేదు. పుస్తకం మూసి వెళ్లి కారులో కూర్చుంది. పొద్దున్నుంచి ముందు సీటు, ఇప్పుడు వెనక సీటు.

దారంతా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆ పైపు బోరుదేనని ఒక్క మాటంటే చాలు. బావి దొరకలేదని రాసుకుంటుంది, బేరం నిలుస్తుంది. ఆ మాట రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ అద్దంలో కిటికీలోంచి బయటికి చూస్తున్న బిడ్డ మొహం కనిపించింది. అత్వెల్లి మలుపు రాగానే, ఆమె అడగకముందే తిప్పాను.

గోడౌన్ వెనక పైపు మూత తుప్పుపట్టి ఉంది. రెంచీతో ఊడదీసేసరికి చొక్కా తడిసిపోయింది. ఇషిత చిన్న గులకరాయి ఏరి పైపులో వేసింది. అది ఇనుముకు తగులుతూ, గణగణమంటూ దిగింది. చివర్లో బుడుంగుమంది.

ఇషిత పుస్తకం తెరిచి పెన్ను తీసింది.

"ఇప్పుడెట్లున్నదని ఇండ్ల ఒక గడి ఉన్నది. ఏం రాయాలె?" అంది.

"ఏం ఇన్నవో గదే రాయి. నీళ్లున్నయని."

"పూడ్చినోళ్ల పేరు గూడ అడిగిర్రు."

"ధర్మేందర్. తండ్రి పేరు సత్తయ్య."

"తండ్రి పేరు అవసరం లేదు నాయినా," అంది. మొహంలో నవ్వు లేదు, కానీ నా వైపు చూసింది.

ఆమె రాస్తుండగానే పార్టీకి ఫోన్ చేశాను. "పరమేశన్నా, సోమవారం నీ ఇంజనీరును గూడ తోల్కరా. జాగల ఒకటున్నది, సంతకంకంటే ముందే చూడాలె."

"ఏమున్నదే?"

"బావి."

చేతిలో మూత అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. మళ్లీ బిగించబుద్ధి కాలేదు.