ఒత్తిడి గొట్టంలో పెద్దావిడ

ముప్ఫై ఏళ్లు బట్టలు కుట్టిన ఆ పెద్దావిడకు కాలి పుండు ఎన్నాళ్లకీ మానలేదు. రోజూ గంటన్నర అద్దాల గొట్టంలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇమ్మన్నారు డాక్టరు. ఆ యంత్రం నడిపే ఆపరేటరు మొదటి రోజు తనకు కంఠతా వచ్చిన మాటలు అప్పజెప్పాడు.

"చెవులు దిబ్బళ్లేస్తే గుటక వెయ్యండి, పెద్దమ్మా. ముక్కు వెనకనుంచి చెవిలోకి సన్న దారుంటుంది. ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. గుటక వేస్తే తెరుచుకుని, లోపలి గాలీ బయటి గాలీ సమానమవుతాయి. నొప్పొస్తే చెయ్యెత్తండి."

"నోరు ఎండిపోతోంది నాయనా."

"అయ్యాక నీళ్లు తాగుదురుగాని," అని తలుపు బిగించాడు.

ఆ రోజు అతనే ఆలస్యంగా వచ్చాడు. ఆ లోటు పూడ్చుకోవాలని, పది నిమిషాల్లో ఎక్కించాల్సిన ఒత్తిడిని నాలుగు నిమిషాల్లో ఎక్కించాడు. ఆవిడ గుటక వెయ్యబోయింది. నోట్లో తడి లేదు. చెయ్యెత్తి ఊపింది. అతను ఫోన్‌లోంచి తలెత్తి, నవ్వి, తనూ చెయ్యి ఊపాడు.

ఆవిడ అద్దాన్ని అరచేత్తో బాదినప్పుడు గానీ అతనికి అర్థం కాలేదు. ఒత్తిడి దించి బయటికి తీసేసరికి కుడి చెవిలో నెత్తురు. కర్ణభేరికి చిల్లు పడింది.

"వేగంగా ఎక్కిస్తే ఆ దారి నొక్కుకుపోతుంది. ఇక గుటకేసినా తెరుచుకోదు. కాస్త దించితేనే వదులుతుంది," అన్నారు డాక్టరు. "ఆవిడ చెయ్యెత్తలేదా?"

"లేదు సార్."

పక్కనే ఉన్న కూతురు తల్లి మీద విరుచుకుపడింది. "చెయ్యెత్తమన్నారుగా, అమ్మా? నీకంత మొహమాటమేంటి?"

పెద్దావిడ అతని వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. తప్పు తనదే అన్నట్టు.

ఇంటికి వెళ్లి అతను అన్నం తినకుండానే కంచం ముందునుంచి లేచిపోయాడు. ఏమైందని భార్య అడిగితే తలనొప్పి అన్నాడు. అదీ అబద్ధమే.

మర్నాడు వార్డులో, డాక్టరూ కూతురూ ఉండగానే చెప్పేశాడు. "నిన్న ఆవిడ చెయ్యెత్తింది. నేను చూశాను. పలకరింపనుకున్నాను. ఒత్తిడి కూడా తొందరపడి ఎక్కించాను. అడిగితే అబద్ధం చెప్పాను."

కూతురు గుక్క తిప్పుకోకుండా తిట్టింది. అతను నిలబడి విన్నాడు. చివరికి పెద్దావిడే ఆపింది.

"నువ్వు నవ్వేసరికి అంతా సవ్యంగానే ఉందనుకున్నాను నాయనా. నాకే ఓర్పు లేదేమోననుకున్నాను."

కూతురి తిట్లకంటే ఆ మాటే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

డాక్టరు అతన్ని రెండు నెలలు యంత్రం దగ్గరికి రానివ్వలేదు. చెవి మానడానికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్లూ చికిత్స ఆగి, కాలి పుండు ఇంకాస్త లోతుకు పోయింది. తర్వాత వేరే ఆపరేటరు నెమ్మదిగా ఎక్కించి చికిత్స పూర్తి చేశాడు. వరండాలో ఎదురుపడినప్పుడల్లా ఆవిడ అతన్ని మామూలుగానే పలకరించేది. అతను మాత్రం ఆవిడ కాలి కట్టు వైపు చూస్తూ జవాబిచ్చేవాడు.