అమ్మ వంక పెట్టని కాలేజీ

ఆ ఇంట్లో ఆవిడకు 'వాతావరణ శాఖ' అని పేరు. పెట్టింది భర్త. సిటీ బస్సు నడుపుతాడు. పొద్దున్నే గుమ్మం దాటేముందు "ఇవాళ్టి హెచ్చరికలేంటి?" అని అడిగి మరీ చెప్పుల్లో కాళ్ళు పెడతాడు. ఆవిడా తడుముకోదు. మలుపు దగ్గర రోడ్డు తవ్వారు, బ్రేకులు చూసుకోండి, నిన్న రాత్రి దగ్గారు, గొంతుకేదైనా చుట్టుకోండి. గ్యాస్ కట్టేశాక మీట మళ్ళీ తిప్పి చూస్తుంది. తాళం వేసి లాగుతుంది, మెట్లన్నీ దిగిపోయాక వెనక్కి ఎక్కి వచ్చి ఇంకోసారి లాగుతుంది.

కూతురు నెలలు నిండకుండా పుట్టింది. దోసిట్లో పట్టేంత పిల్లను చేతిలో పెట్టినప్పుడు గుండెల్లో చేరిన భయం మరి బయటికి పోలేదు. పిల్ల మాత్రం తల్లికంటే జానెడు ఎత్తు ఎదిగింది. తండ్రి అప్పుడు పెట్టిన 'పిచ్చుక' అనే ముద్దుపేరు ఇప్పటికీ దానికి అతుక్కునే ఉంది.

ఆ పిచ్చుకకు మెడిసిన్ ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. ఇక కాలేజీలు ఎంచుకోవాలి. దరఖాస్తులో అయిదింటికి మించి పెట్టకూడదు. ఒకసారి పంపాక మార్చుకోవడానికి వీల్లేదు. ఆదివారం సాయంత్రంతో గడువు సరి.

ఆ వారం వాళ్ళింట్లో వేరే ముచ్చటే లేదు. అన్నాల దగ్గర కూతురు ఒక్కో కాలేజీ పేరెత్తడం, తల్లి దానికి వంక పెట్టడం.

"కొండ మీది కాలేజీ బాగుంటుందటమ్మా."

"ఆ మలుపులకి నీకు వాంతులవుతాయి. వానాకాలంలో రాళ్ళు జారి పడితే?"

"నది పక్కది?"

"నదన్నాక వరద రాదా? నీకు హాస్టల్లో కింది గదే ఇస్తారు, చూస్తూ ఉండు."

"పోనీ, పెద్ద సిటీలోది?"

"అక్కడన్నీ లిఫ్టులే. మధ్యలో ఆగిపోతే ఎవర్ని పిలుస్తావే?"

"సరే, మన ఊరిదే పెడతా. ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. దానికేం వంక పెడతావో చూస్తాను."

ఆవిడ ముద్ద కలుపుతూ కాసేపు ఆలోచించింది. "రోడ్డు దాటాలిగా!"

మంచినీళ్ళు తాగుతున్న భర్తకు పొలమారింది. "నెమ్మదిగా తాగమని చెప్తే విన్నారా?" అని ఆయన మాడు మీద తట్టింది. పిల్ల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఆ నాలుగు కాలేజీలూ దరఖాస్తులో పెట్టేసింది. అయిదోదాని ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆ అయిదోదాని సంగతి తల్లికి మర్నాడు తెలిసింది. సాయంత్రం పని నుంచి వచ్చి తలుపు తీయబోతుంటే బాల్కనీలోంచి తండ్రీ కూతుళ్ళ మాటలు వినిపించాయి.

"సముద్రం పక్క కాలేజీ అంటే నాకు ప్రాణం నాన్నా. మొదటి ఏడాది నుంచే పిల్లల్ని రోగుల మంచాల దగ్గర కూర్చోబెడతారట. కానీ ఒక రాత్రి ఒక పగలు రైల్లోనే పోవాలి. అమ్మతో ఎలా చెప్పను?"

"ఎలాగోలా చెప్పు. చెప్పకుండా మాత్రం పెట్టకు."

"అమ్మకి నిద్ర లేకుండా చేసి నేను అంత దూరం పోలేను నాన్నా."

గుమ్మం బయట ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసేసింది. సముద్రం, రైలు, ఒక రాత్రి ఒక పగలు! తాళంచెవి చప్పుడు కాకుండా మెట్లు దిగి, కింద కాసేపు అటూ ఇటూ తిరిగి, అప్పుడే వస్తున్నట్టు మళ్ళీ ఎక్కి వచ్చింది.

ఆవిడ పని చేసేది బస్సు డిపో ఎదురుగా ఉన్న బట్టల షాపు వెనక గదిలో. కొన్న బట్టల్ని ఒంటికి సరిచేసి ఇవ్వడం ఆవిడ పని. చేతి కింద గుండీల డబ్బా, పక్కన ఎప్పుడూ వేడిగా ఉండే ఇస్త్రీ పెట్టె, ఎదురుగా మెడలో టేపు వేలాడేసుకున్న కటింగ్ మాస్టారు. ఆయన దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకుంది, కాబట్టి ఆయన దగ్గర గుండెలో మాట దాచుకోదు.

అంతా విని మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వు ప్యాంటు నడుం బిగించమంటే బిగిస్తావు గానీ, లోపల బెత్తెడు గుడ్డ వదిలేస్తావు. ఎందుకూ?"

"రేపు లావైతేనో మాస్టారూ?"

"మొన్నెవరో పెళ్ళికొడుకు కోటు వదులైంది, బిగించమని వస్తే, ఇలా చిక్కిపోతున్నారేం, ఒకసారి పరీక్ష చేయించుకోండన్నావు. పాపం, ఆ మనిషి కోటు సంగతి మర్చిపోయి ఆస్పత్రికి పోయాడు."

"ఏమీ లేదన్నారుగా, మంచిదే కదా!"

"మంచిదే. కానీ నీ పిల్ల విషయంలో ఒక్కసారి నోరు కట్టుకో. నీ భయం చూసి అది ఆగిపోయిందనుకో, రేపు అది ఎప్పుడు దిగులుగా కనిపించినా, నావల్లేనేమో అని నువ్వు జన్మంతా కుములుతావు."

ఆ మాట సూదిలా దిగింది. ఇన్నాళ్ళూ లోకంలో ఉన్న భయాలన్నీ పోగేసుకుంది గానీ, తన భయమే పిల్లకు అడ్డం పడుతుందేమోనన్న భయం ఆవిడకు ఎన్నడూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది. పాత భయాలన్నీ దాని ముందు చిన్నబోయాయి.

శనివారం రాత్రి కంచాల ముందు పిల్ల గొంతు సవరించుకుంది.

"అమ్మా, సముద్రం పక్కన ఒక కాలేజీ ఉంది. మొదటి ఏడాది నుంచే రోగుల దగ్గర కూర్చోబెడతారట. కాస్త దూరం, రైల్లో పోవాలి."

రైలు పట్టాలు, ఉప్పుగాలి, కాలి కింద జారిపోయే ఇసక, తెలియని ఊళ్ళో జ్వరం... అన్నీ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. ఆవిడ పళ్ళ బిగువున ఆపింది.

"బాగుంది," అంది.

"ఊఁ?"

"బాగుందే. మంచి కాలేజీ."

"అంతేనా?"

"అంతే."

భర్త ముద్ద కంచంలో పెట్టేసి, ఎడమచెయ్యి చాచి ఆవిడ నుదురు తాకి చూశాడు. "ఒళ్ళేం కాలట్లేదే!"

ఆవిడ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంపు తిప్పి నీళ్ళ చప్పుడులో నిలబడితే, మూటతో కొండెక్కి దిగినంత అలసట, దాని వెనకే కాస్త గర్వం. అమ్మయ్య, నోరు జారలేదు. వెనక తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఆవిడ చూడలేదు.

ఆదివారం షాపు ఒంటిపూటే. మధ్యాహ్నం ఆవిడ ఇంటికొచ్చేసరికి పిల్ల దరఖాస్తు పంపడానికి సిద్ధంగా కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"ఒకసారి పైకి చదవవే. పేర్లు తప్పు పడితే?"

పిల్ల చదివింది. కొండ, నది, సిటీ, సొంత ఊరు. అయిదోది రైల్వే స్టేషన్ వెనకది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"సముద్రం పక్కదేదే?"

"తీసేశానమ్మా."

"ఎందుకూ?" ఆవిడ చేతిసంచి కుర్చీలో పడింది.

"నువ్వేం అనలేదుగా."

"అనలేదంటే వెళ్ళమనేగా!"

పిల్ల కుర్చీ ఇటు తిప్పింది. "నువ్వా? సైకిల్ కొన్నప్పుడు ఎన్ని రకాలుగా పడొచ్చో చెప్పి, మర్నాడు నువ్వే సీటుకి కవరు కుట్టావు. ఈతకి పంపేముందు మునిగిపోయినవాళ్ళ కథలన్నీ చెప్పి, నువ్వే తువ్వాలు సర్దావు. నీ తిట్లూ వంకలూ అయిపోతే ఇక వెళ్ళొచ్చని మాకు లెక్క. నాయనమ్మ ఆపరేషన్ రోజు మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు విప్పలేదు. ఆవిడ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాకే నీకు మాట వచ్చింది. నిజంగా భయమేస్తే నువ్వు మాట్లాడవమ్మా. నిన్న నీ మొహం అచ్చం ఆ రోజులాగే ఉంది."

పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. భయం ఉంది, కొండంత ఉంది. కానీ ఏళ్ళ తరబడి తను పెట్టిన వంకలన్నీ వీళ్ళకు దీవెనల్లా వినిపించాయని ఇవాళే తెలిసింది. మాస్టారు మాట విని, మంచికే అనుకుని, ఆ దీవెన కాస్తా మింగేసిందన్నమాట!

కుర్చీ లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చుంది.

"సరే, విను. రైల్లో పై బెర్తు ఎక్కకు, నిద్రలో దొర్లుతావు. మధ్యది వద్దు, గొలుసు తెగితే? కింద పడుకుంటే వచ్చేపోయేవాళ్ళు కాళ్ళు తొక్కుతారు."

"మరి నిలబడి వెళ్ళనా?"

"అడ్డురాకు. సముద్రపు గాలికి బట్టలు ఆరవు. తడివే తొడుక్కుంటావు. నీకు దగ్గు పట్టుకుంటే చూసేదెవరు?"

"అది మెడికల్ కాలేజీ అమ్మా! అడుగడుక్కీ డాక్టర్లే."

"వాళ్ళ దగ్గే వాళ్ళకి తగ్గదు, నీది చూస్తారా? నీళ్ళలోకి మోకాలు దాటి దిగావో, నా మీదొట్టే. రోగుల దగ్గర కూర్చోబెడతారన్నావు, వాళ్ళ జబ్బులన్నీ నీకంటుకుంటే?"

డ్యూటీ దిగి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయి విన్నాడు. భుజాలు సడలాయి. "హమ్మయ్య, వాతావరణ శాఖ మళ్ళీ పని చేస్తోంది," అని చెప్పులు విడిచాడు.

పిల్ల పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటూ, స్టేషన్ వెనకదాన్ని చెరిపేసి సముద్రం పక్కదాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. ఆవిడ చూస్తూనే ఉంది, చెబుతూనే ఉంది. చివరికి గొంతు కాస్త తగ్గింది.

"అక్కడ నీకు బాగా నచ్చేసి, ఇల్లు గుర్తు రాకపోతే?"

"హెచ్చరికలు వినకుండా గుమ్మం దాటడం నాకలవాటే లేదుగా. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తా. సిద్ధంగా ఉండు."

"ఎత్తకపోతే కంగారు పడకు. స్నానంలో ఉంటాను," అంది ఆవిడ. పిల్ల మీట నొక్కింది.

"వెళ్ళిందా? సరిగ్గా వెళ్ళిందా? ఇంకోసారి చూడవే."

వెళ్ళిందని చూపించాక ఆవిడ లేచి లోపలికి పోయి బీరువా తలుపు తీసింది. ఎప్పుడో షాపులో మిగిలితే దాచిన తెల్లగుడ్డ, టేపు పట్టుకుని వచ్చింది.

"చేతులు చాపు."

"ఇంకా సీటే రాలేదమ్మా!"

"వస్తే?" అంది ఆవిడ, కంగారుగా. "అప్పటికప్పుడు డాక్టరు కోటు కుట్టాలంటే ఎక్కడ కుదురుతుంది?"

భర్త ఆశ్చర్యంగా చూశాడు. మంచి జరిగిపోతుందేమోనని ఆవిడ కంగారుపడటం ఆయన చూడటం ఇదే మొదలు.

ఆవిడ అదేం పట్టించుకోకుండా పిల్ల భుజాల మీద టేపు పరిచింది. కొలత చూసి, దానికి బెత్తెడు కలిపింది. అక్కడ తిండి బాగుంటే లావవుతుందేమో, ఎవరు చూడొచ్చారు!